ఎడమకాలి పాఠం

గెలిచే జట్ల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా గోల్ దగ్గర మొదలుపెడతారు. ఆ గోల్ కొట్టిన కాలు ఎక్కడ తయారైందన్నది తర్వాతి సంగతి. ఒక్కోసారి ఆ ప్రస్తావనే రాదు. ఈ వ్యాసం ఆ తర్వాతి సంగతి గురించి.

హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ అని ఒక బడిపంతులు ఉండేవాడు. ఫుట్‌బాల్ నేర్పడానికి ఆయన పెట్టిన టోర్నమెంట్లలో ఒకదానికి విచిత్రమైన రూలు ఉండేది: వాటం లేని కాలితోనే ఆడాలి. కుడివాటం వాడు ఎడమకాలితో తన్నాలి, ఎడమవాటం వాడు కుడికాలితో. ఇంకో టోర్నమెంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి, దగ్గర పెట్టుకుని సోకులు పోకూడదు. గెలిచినవాడికి కప్పు వస్తుంది, సరే. కానీ ఆ కప్పు కోసం తన్నుకుంటూ పిల్లలు తమకు తెలియకుండానే ఒక పాఠం నేర్చుకుని ఇంటికెళ్ళేవాళ్ళు.

ఒక తరం తర్వాత, అమెరికాలో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో ఆన్సన్ డోరన్స్ అనే కోచ్ కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును చేతికి తీసుకున్నాడు. అది 1979. ఆయన కూడా ప్రాక్టీసునే పోటీగా మార్చాడు. ప్రతి చిన్న ఆటలో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఎవరు ఎంత వేగంగా పరిగెత్తారు, అన్నీ రాయించి, వరుస కట్టించి, ఆ జాబితాను జట్టు మొత్తానికీ కనపడేలా పెట్టేవాడు. ఆ జట్టు ఆ తర్వాత సాధించినన్ని టైటిళ్ళు అమెరికా కాలేజీ మహిళా ఫుట్‌బాల్‌లో ఇంకే జట్టూ సాధించలేదు.

రహీమ్ పేరు డోరన్స్ విన్నాడనుకోవడానికి నాకు ఏ ఆధారమూ కనపడలేదు, వినాల్సిన పని కూడా లేదు. ఇద్దరూ ఒకే రకం ప్రశ్న వేసుకున్నారు: బాగా ఆడేవాళ్ళు దొరికినప్పుడు గెలవడం కాదు, గెలిచేవాళ్ళు ఏటా తయారయ్యేలా చెయ్యడం ఎట్లా? మొదటిదాన్ని అదృష్టం అనొచ్చు. రెండోదాన్ని ఇంగ్లీషులో 'ప్రోగ్రామ్' అంటారు. నేను సాఫ్ట్‌వేర్ రాసుకునే మనిషిని కాబట్టి ఆ మాట వేరే అర్థంలో రోజూ వాడతాను, కానీ ఇక్కడా అర్థం పెద్దగా మారదు. రాసినవాడు పక్కన లేకపోయినా నడవాలి. అదే పరీక్ష.

నేను పెరిగింది గోదావరిఖనిలో. ఈ రెండు కథలూ చదువుతున్నప్పుడు నన్ను వదలని ప్రశ్న ఒకటే. జట్టు కట్టడం తెలిసిన నగరం మాకు రాత్రి బండెక్కితే తెల్లారేసరికి వచ్చే దూరంలో ఉంది. గ్రౌండు ఉంది, స్టేడియం ఉంది, ఆటలకు డబ్బు పెట్టే కంపెనీ ఉంది. మరి ఈ కథలో మా అమ్మాయిలు ఎందుకు లేరు?

పంతులు కట్టిన జట్టు

రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివే రోజుల్లో అక్కడి జట్టులో మంచి ఆటగాడు. డిగ్రీ అయ్యాక బళ్ళలో పాఠాలు చెప్పాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఈ వరుస గమనించండి: ముందు విద్యార్థి, తర్వాత పంతులు, ఆ తర్వాత నిర్వాహకుడు, చివరికి కోచ్. ఆయన్ని గొప్ప వ్యూహకర్త అనే అందరూ పొగుడుతారు. నాకైతే ఆయన మొదట గొప్ప టైమ్‌టేబుల్ మనిషిలాగా కనిపిస్తాడు. బళ్ళో ఏ తరగతికి ఏ పాఠం ముందు చెప్పాలో తెలిసినవాడికే వాటం లేని కాలి టోర్నమెంటు తడుతుంది. ఆ టోర్నమెంటు నిజానికి సిలబస్.

1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతిలో ఉంది. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరుసగా ఐదుసార్లు ఆ జట్టుదే. డ్యూరాండ్ కప్పు కూడా 1950లో, 1954లో, 1957లో తెచ్చుకుంది. అప్పటికి దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. డబ్బూ అక్కడే, జనమూ అక్కడే, పత్రికలూ అక్కడే. అలాంటి కలకత్తా క్లబ్బుల్ని పోలీసు జీతం మీద బతికే కుర్రాళ్ళు ఓడిస్తుంటే దేశం ఇటు తిరిగి చూసింది.

పోలీసు జీతం అన్న ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆ జట్టు ఆటగాళ్ళకు పోలీసు శాఖలో ఉద్యోగాలుండేవి. పొద్దున ఆడితే సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న భరోసా ఉండేది. కోచ్ ఎంత మేధావైనా ఆకలితో ఉన్నవాడికి వన్ టచ్ పాస్ నేర్పలేడు. ఈ సంగతి ఆయనకు బాగా తెలుసు. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదింటి పిల్లాడు. ప్రాక్టీసుకు రావడానికి దారి ఖర్చులు లేకపోతే సైకిలు అద్దెకు రహీమ్ సాబే డబ్బులిచ్చేవారని బలరామే తర్వాత చెప్పుకున్నాడు. ఆ కుర్రాడు మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ రెంటిలోనూ భారత్ తరఫున ఆడాడు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో ఆ సైకిలు అద్దెకు ఒక పేజీ ఇవ్వొచ్చు. ఈ సైకిలు దగ్గరికి మళ్ళీ వస్తాను.

జాతీయ జట్టుకూ రహీమే కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో స్వర్ణం. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. మనోళ్ళలో కొందరు చలిలో, తడి నేల మీద వట్టికాళ్ళతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. చాలామంది ఈ ఓటమిని అవమానంగానే చెప్పి వదిలేస్తారు. నాకు అసలు కథ 1952కీ 1956కీ మధ్య జరిగిన పని. అదే కోచ్, నాలుగేళ్ళు. 1956లో మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్ళీ యుగోస్లావియా ఎదురైంది, ఈసారి స్కోరు 4-1. మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. మనకు నాలుగో స్థానం. మొదటి రౌండులో హంగరీ రాకపోవడం వల్ల మనవాళ్ళు ఆడింది మూడు మ్యాచులే, గెలిచింది ఒకటే. ఇది దాచాల్సిన పని లేదు. పది గోల్స్ తిన్న జట్టు నాలుగేళ్ళలో అదే ప్రత్యర్థి ముందు నిలబడి ఆడగలిగింది. నాకు నాలుగో స్థానం కంటే అదే పెద్ద విషయంగా అనిపిస్తుంది.

వ్యూహం అంటే ఏమిటి

ఫుట్‌బాల్ చూడనివాళ్ళకోసం చిన్న వివరణ. 4-2-4 అంటే గోల్‌కీపర్ కాకుండా వెనక నలుగురు, మధ్యన ఇద్దరు, ముందు నలుగురు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ దీన్ని లోకానికి చూపించింది. రహీమ్ జట్లు అంతకుముందే ఈ దారిలో ఆడాయని ఆ కాలపు ఆటగాళ్ళూ చరిత్రకారులూ చెబుతారు. ఎవరు ముందు అన్న పంచాయితీ నాకు అంత ముఖ్యం కాదు. ఆ అంకెల వెనక ఉన్న అవసరం ముఖ్యం. మధ్యలో ఇద్దరే ఉంటే బంతి వాళ్ళ కాళ్ళ దగ్గర ఆగడానికి వీల్లేదు. ఆగితే ప్రత్యర్థి ముగ్గురు మీద పడతారు. అంటే ఒక్క తాకులో పాస్ ఇవ్వడం వచ్చి ఉండాలి, ఏ కాలికి బంతి వస్తే ఆ కాలితో ఇవ్వడం వచ్చి ఉండాలి. ఇప్పుడు ఆ రెండు టోర్నమెంట్లూ మళ్ళీ గుర్తు చేసుకోండి. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు, వాటం లేని కాలి టోర్నమెంటు. వ్యూహం బోర్డు మీద గీసే రోజుకు పదేళ్ళ ముందే దాన్ని నడిపే కాళ్ళు బస్తీల్లో తయారవుతున్నాయి.

సంస్కృతి, వ్యూహం అని రెండు మాటలు విడివిడిగా వాడతాం. ఇక్కడ ఆ రెండూ ఒకటే. జట్టులో రోజూ జరిగే అలవాటు సంస్కృతి. ఆ అలవాటు మ్యాచ్‌లో కనపడితే వ్యూహం.

1962 జకార్తా దీనికి గట్టి ఉదాహరణ. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు, వెనకా ఆడించలేదు, ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియానే. భారత అధికారి ఒకరు చేసిన రాజకీయ వ్యాఖ్యలకు కోపంతో స్టేడియం నిండా జనం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1. ఆసియా స్వర్ణం. అప్పటికే రహీమ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు.

ఆయన పోయాక 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకుముందు 1956-57లో, 1957-58లో హైదరాబాద్ పేరుతో గెలిచింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ ట్రోఫీ ఈ రెండు రాష్ట్రాల ముఖం చూడలేదు. ఆసియా క్రీడల స్వర్ణం కూడా భారత్‌కు అదే చివరిది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా రహీమ్‌ను ఒక ఒంటరి వీరుడిగా చూపించి చప్పట్లు కొట్టించింది. నాకు ఆ చప్పట్లలో కొంచెం దిగులు వినిపించింది. ఒక్క మనిషి పోగానే ఆగిపోయిందంటే ఆయన రాసిన ప్రోగ్రామును మనం ఎక్కడా సేవ్ చేసుకోలేదన్న మాట.

చాపెల్ హిల్‌లో ఒక చట్టం, ఒక బోర్డు

డోరన్స్ కథ చట్టంతో మొదలవుతుంది, మనిషితో కాదు. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదన్నది దాని సారం. చట్టం రాసినవాళ్ళ మనసులో ఆటలు ముఖ్యం కాకపోవచ్చు, కానీ కాలేజీలు అమ్మాయిలకు జట్లు పెట్టక తప్పలేదు. చాపెల్ హిల్‌లో అప్పటికే అమ్మాయిలు క్లబ్బు జట్టుగా ఆడుకుంటున్నారు. మమ్మల్ని అసలు జట్టుగా గుర్తించండని వాళ్ళే అడిగారు. యూనివర్సిటీ అబ్బాయిల కోచ్‌గా ఉన్న డోరన్స్‌కు ఆ పని అప్పగించింది. కొన్నేళ్ళు ఆయన రెండు జట్లనూ నడిపాడు.

1981లో మొదటి జాతీయ టైటిల్. 1982లో ఎన్‌సీఏఏ మహిళల ఫుట్‌బాల్ పోటీ మొదలుపెడితే అది కూడా వీళ్ళదే. 1986 నుంచి 1994 దాకా వరుసగా తొమ్మిది. 2012 నాటికి ఎన్‌సీఏఏ టైటిళ్ళే 21. 2024 ఆగస్టులో, సీజన్ ఇంకా మొదలు కాకముందు, డోరన్స్ రిటైరయ్యాడు. ఆ ఏడాది తాత్కాలిక కోచ్ చేతిలో అదే జట్టు 22వ టైటిల్ గెలిచింది. రాసినవాడు పక్కన లేకపోయినా నడవడం అని పైన అన్నాను కదా, ఇదీ.

లోపల ఏం జరిగేది? డోరన్స్ ఆ లెక్కల పద్ధతిని అదే యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ దగ్గర చూశాడు. ప్రాక్టీసులో ప్రతిదీ రాసుకోవడం అక్కడిదే. దానికి 'పోటీ కాగుతున్న కొప్పెర' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఒకరి మీద ఒకరు, ముగ్గురి మీద ముగ్గురు, గాల్లో బంతి, పరుగు, అన్నిటికీ అంకెలు. మైదానంలో 3-4-3. వెనక ముగ్గురే. బంతి పోగానే వెనక్కి పరిగెత్తరు, ముందుకే పరిగెత్తి ప్రత్యర్థి గోల్ దగ్గరే దాన్ని లాక్కుంటారు. ఇట్లా తొంభై నిమిషాలు పదకొండు మంది పరిగెత్తలేరు. అమెరికా కాలేజీ ఆటలో మార్పిడి రూళ్ళు కొంచెం సడలుగా ఉంటాయి, దాన్ని వాడుకుని ఒక దండు అలిసేలోపు ఇంకో దండును దింపేవాడు. అంటే బెంచీ మీద కూర్చున్న పదహారో అమ్మాయి కూడా మొదటి అమ్మాయంత గట్టిగా తయారవ్వాలి. ఆ పదహారో అమ్మాయిని తయారు చేసేది మ్యాచ్ కాదు, మంగళవారం ప్రాక్టీసు. మళ్ళీ అదే మాట: అలవాటే వ్యూహం.

సాహిత్యం చదివేవాళ్ళకు నచ్చే సంగతి ఒకటి. ఆ జట్టుకు కొన్ని విలువలు రాసిపెట్టుకున్నారు. ఒక్కో విలువకూ ఒక రచన నుంచి ఒక భాగం జతచేశారు. అమ్మాయిలు అవి కంఠస్థం చెయ్యాలి. గునుస్తూ కూర్చోకూడదు అన్న విలువకు జతచేసింది బెర్నార్డ్ షా రాసిన మాటలు. మనం బడిలో శతక పద్యాలు బట్టీ పట్టినట్టు, కాలేజీ అమ్మాయిలు బూట్లు కట్టుకుంటూ షాను బట్టీ పట్టారన్న మాట.

ఆ కొప్పెరలో ఉడికినవాళ్ళు చాలామంది ఉన్న జట్టుతో 1991లో చైనాలో జరిగిన మొదటి మహిళా ప్రపంచ కప్పు అమెరికా గెలిచింది. కోచ్ డోరన్సే, వ్యూహం ఆ ముగ్గురు ఫార్వర్డ్‌లదే. ఫైనల్లో నార్వే మీద 2-1, రెండు గోల్సూ మిషెల్ ఏకర్స్‌వి. ఆ టోర్నీలో మ్యాచ్ నిడివి తొంభై కాదు, ఎనభై నిమిషాలు. ఆడవాళ్ళు చివరి పది నిమిషాలు తట్టుకోలేరన్న అనుమానం పెద్దమనుషులకు అప్పటికీ పోలేదన్నమాట.

అంతా వెలుగే కాదు. 1998లో ఇద్దరు మాజీ ఆటగత్తెలు డోరన్స్ ప్రవర్తన మీద లైంగిక వేధింపుల దావా వేశారు. ఆయన ఆరోపణల్ని ఖండించాడు. ఒకరి కేసు 2004లో, ఇంకొకరి కేసు 2008లో రాజీతో ముగిశాయి. రెండో రాజీలో డబ్బుతోపాటు క్షమాపణ కూడా ఉంది. కోచ్ మాటే వేదంగా ఉండే చోట ఆటగత్తెలకు నోరు తెరిచే దారి ఎక్కడుంది అన్న ప్రశ్నను టైటిళ్ళ లెక్క కప్పెయ్యకూడదు. ప్రోగ్రామ్ అంటే కోచ్ కంటే పెద్దది అని నమ్మితే, కోచ్ మీద ఫిర్యాదు చేసే తలుపు కూడా దానిలో భాగమే.

అంకెల బోర్డు గురించి కూడా నాకొక పేచీ ఉంది. మా రంగంలో మనుషులకు వరుస కట్టడం అంటే తెలియనివాళ్ళు లేరు. ఏడాదికోసారి, మూసిన గదిలో, ఎవరో ఒక గీత గీసి నువ్వు ఇక్కడ అంటారు. ఆ గీత చూసి ఎవడూ పని నేర్చుకోలేదు, పక్కవాడిని అనుమానించడం మాత్రం నేర్చుకున్నాడు. మరి చాపెల్ హిల్ బోర్డు దానికంటే ఎట్లా మెరుగు? నాకు కనిపించిన తేడాలు రెండు. అది తెరిచి ఉంది, లెక్క ఎట్లా వచ్చిందో అందరికీ తెలుసు. రేపటి ప్రాక్టీసుతో మారుతుంది, తలరాత కాదు. ఈ రెండూ లేకపోతే కొప్పెరలో ఉడికేది మనుషులే. రహీమ్ పద్ధతి ఇంకాస్త దయగలది అనిపిస్తుంది నాకు. వాటం లేని కాలితో ఆడేటప్పుడు అందరూ సమానంగా చేతకానివాళ్ళే. అక్కడ మొదలైతే సిగ్గు ఉండదు, నవ్వుకుంటూ నేర్చుకోవచ్చు.

బొగ్గూ, బంతీ, ఆడవాళ్ళూ

బొగ్గు ఊళ్ళకూ ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌కూ సంబంధం ఏమిటని అడిగితే, చరిత్రలో గట్టి సంబంధమే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాడు ఇంగ్లండులో మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆయుధ కర్మాగారాల్లో ఆడవాళ్ళు చేరారు, విరామంలో బంతి ఆడారు, జట్లు కట్టారు. ప్రెస్టన్ పట్నపు డిక్ కెర్ కర్మాగారం జట్టు వాటిలో పేరుమోసింది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వాళ్ళ ఆట చూడ్డానికి 53,000 మంది వచ్చారు. 1921లో గని యజమానులు జీతాలు కోసి కార్మికుల్ని బయట నిలబెట్టి తాళాలేస్తే, విగన్, లీ లాంటి బొగ్గు ఊళ్ళలో ఆడవాళ్ళ జట్లు మ్యాచులు ఆడి ఆ వసూళ్ళతో గని కార్మికుల కుటుంబాలకు తిండి పెట్టాయి. అదే ఏడాది డిసెంబర్ 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్ళకు తగదని తేల్చి, తన క్లబ్బుల మైదానాల్లో వాళ్ళను ఆడనివ్వొద్దని ఆదేశించింది. సమ్మె కుటుంబాల వైపు నిలబడ్డం కూడా ఆ కోపానికి ఒక కారణమని వాదించే చరిత్రకారులున్నారు. నిషేధం పోవడానికి యాభై ఏళ్ళు పట్టింది.

తగదు అన్న మాట మా ఊరికీ కొత్త కాదు. 1952 గనుల చట్టంలో 46వ సెక్షన్ ఆడవాళ్ళను భూగర్భంలో పనికి పెట్టకూడదంది. రక్షణ కోసమే పెట్టారు, దాని వెనక నిజమైన కష్టాల చరిత్ర ఉంది. కానీ బాయి చుట్టూ తిరిగే ఊరిలో బాయి దిగలేనివాళ్ళకు ఊరి లెక్కల్లో చోటు ఎక్కడ? జీతం, యూనియను, మస్టరు, క్యాంటీను, అన్నీ మగవాళ్ళ లోకం. వాటి వెంబడే వచ్చిన గ్రౌండు కూడా మగవాళ్ళదే అయింది. 2019 జనవరిలో కేంద్రం షరతులతో ఆ నిషేధాన్ని సడలించింది. ఇప్పుడు వారసత్వ ఉద్యోగాల్లో అమ్మాయిలు కూడా సింగరేణిలో చేరుతున్నారు. బాయి తలుపు తెరుచుకున్నాక గ్రౌండు తలుపు గురించి మాట్లాడటం సులువవ్వాలి.

మా చిన్నప్పుడు గోదావరిఖని నెహ్రూ స్టేడియంలో పొద్దున్నే అమ్మాయిలు కనపడేవాళ్ళు, వాకింగ్ చేసే అమ్మల పక్కన. మధ్యలో బంతి ఆడేది అన్నలే. ఎవరూ ఎవరినీ వెళ్ళగొట్టలేదు. అంచు మీద నడవాల్సినవాళ్ళెవరో మధ్యలో ఆడాల్సినవాళ్ళెవరో అందరికీ ముందే తెలుసు, అంతే. సంస్కృతి అంటే ఇది కూడా. చెప్పకుండానే అమలయ్యే రూలు.

దేశంలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ లేదనుకుంటే పొరపాటు. 1975లో మహిళలకు వేరే సమాఖ్య ఏర్పడింది. ఐదేళ్ళలో భారత జట్టు కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీలో రెండో స్థానంలో నిలిచింది. 1981లో మూడో స్థానం, 1983లో మళ్ళీ రెండో స్థానం. అప్పటికి జపాన్, చైనా ఈ ఆటలో పెద్ద పేర్లు కావు. వాళ్ళు ఆ తర్వాత లీగులు కట్టారు, కాలేజీలు కట్టారు. మనం దశాబ్దాలపాటు టోర్నమెంటుకు ముందు శిబిరం పెట్టి, అయిపోగానే ఇళ్ళకు పంపేశాం. జాతీయ మహిళా లీగు వచ్చేసరికి 2017. శిబిరం వేరు, ప్రోగ్రామ్ వేరు.

మన దగ్గర వెలిగిన పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. పరుగు పందేల్లో ఉన్న అమ్మాయిని ఒక స్థానిక కోచ్ ఫుట్‌బాల్‌లోకి తెచ్చాడు. కేరళకు వెళ్ళి గోకులం జట్టులో ఆడింది, 2022లో క్రొయేషియాకు వెళ్ళి డైనమో జాగ్రెబ్‌లో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 లీగు గెలిచింది, ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. 2025 జులైలో భారత జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్పుకు అర్హత సాధించింది. గర్వంగా ఉంది. కానీ ఆ దారి చూడండి: కోజికోడ్, జాగ్రెబ్, కలకత్తా. ఒకప్పుడు కలకత్తా వాళ్ళు హైదరాబాద్‌కు వచ్చి ఆటగాళ్ళను వెతుక్కున్నట్టే, ఇవాళా మన అమ్మాయి ఆట కోసం ఊరు దాటాలి. అప్పుడు మగవాళ్ళకు దాటేముందు ఎదగడానికి ఇక్కడొక జట్టు ఉండేది. సౌమ్యకు ఒక కోచ్ మాత్రమే దొరికాడు.

రామగుండంలో అయితే

నార్త్ కరొలైనాను తెచ్చి రామగుండంలో పెట్టమని నేను అనను. స్కాలర్‌షిప్పులు, గడ్డి మైదానాలు, టీవీ డబ్బు, ఆ లోకం వేరు. ఈ రెండు చరిత్రల్లోంచి మనకు పనికొచ్చేవి తీసుకుంటే చాలు, అవి ఖరీదైనవి కావు.

మొదటిది గంట. గ్రౌండులో సాయంత్రం ఒక గంట అమ్మాయిలదని రాసి గోడకు పెట్టాలి. దయతో ఇచ్చే గంట వానొస్తే పోతుంది, అన్నల మ్యాచ్ ఉంటే పోతుంది. టైటిల్ నైన్ చేసిన పని సారాంశంలో ఇదే, దయను హక్కు చెయ్యడం. రెండోది సైకిలు. ప్రాక్టీసు అయ్యేసరికి చీకటి పడుతుంది. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ అమ్మాయి ఇంటికెట్లా పోవాలి? బాయికి మనుషుల్ని చేర్చడానికి షిఫ్టు షిఫ్టుకూ బస్సులు తిరిగే ఊరిలో ఇది పరిష్కారం కాని సమస్య కాదు. రహీమ్ తన జేబులోంచి ఇచ్చాడు. ఒక పంతులు జేబు మీద ఆధారపడితే ఒక బలరామ్ వస్తాడు, బస్సు మీద ఆధారపడితే ఒక జట్టు వస్తుంది. మూడోది ఉద్యోగం. పోలీసు శాఖ చేసిన పని సింగరేణికి కొత్తేం కాదు. ఆటగాళ్ళను ఆదరించే అలవాటు కంపెనీకి ఉంది, దాన్ని ఆటగత్తెల వైపు కూడా తిప్పాలి. నాలుగోది, డిగ్రీ కాలేజీల మధ్య ఏడాదికి ఒక్క టోర్నమెంటు కాకుండా వారం వారం ఆట. కప్పు గెలిచే జట్టు కంటే ముందు, ప్రతి వారం ఓడిపోయి మళ్ళీ వచ్చే జట్టు కావాలి. హెల్సింకీ తర్వాత మెల్‌బోర్న్ వచ్చింది ఆ దారినే.

ఇవన్నీ అయ్యాక కోచ్. అప్పుడు రహీమ్ అంతటివాడు దొరక్కపోయినా నడుస్తుంది. ఇవేవీ లేకపోతే రహీమే మళ్ళీ పుట్టి వచ్చినా ఆయనతోపాటే అయిపోతుంది, ఒకసారి చూశాం కదా.

ఇక ఆ కోచ్ మొదటి రోజు ఏం చెయ్యాలన్నది రహీమ్ ఎప్పుడో చెప్పిపెట్టాడు. వాటం లేని కాలితో ఆడించాలి. ఆ కాలు బలహీనమైందని మనం అనుకుంటాం. నిజానికి దానికి బంతి ఇవ్వలేదు, అంతే. గోదావరిఖని ఇన్నేళ్ళుగా ఒంటికాలితో ఆడుతోంది.